ముందు మీకు వడ్డించుకోండి

మీ ఇంట్లో అందరికంటే ఆఖరున అన్నం తినేది ఎవరు? జవాబు కోసం పెద్దగా ఆలోచించక్కర్లేదు. మగవాళ్ళు తిని లేచాక, పిల్లలు తిని లేచాక, కూర గిన్నె అడుగున మిగిలిన నాలుగు ముక్కలతో, కాస్త పెరుగన్నంతో సరిపెట్టుకునే మనిషి దాదాపు ప్రతి తెలుగింట్లోనూ ఒకరుంటారు. ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన కోడలైతే, ఇవాళో రేపో తల్లి కావాలనుకుంటున్న మనిషైతే, ఆ అలవాటు ఈ రాత్రితోనే ఆగిపోవాలి. ఆమె తినే తిండి ఆమె ఆకలి ఒక్కటే తీర్చి ఊరుకోదు. ఇంకా కడుపున పడని బిడ్డ రేపు ఎంత ఆరోగ్యంగా ఉంటుంది, నలభయ్యో ఏటో యాభయ్యో ఏటో క్యాన్సర్ లాంటి జబ్బు వచ్చే అవకాశం ఎంత అన్న లెక్కలో కొంత భాగం ఆ పళ్ళెంలోనే మొదలవుతుందని పాతికేళ్ళ పరిశోధనలు చెబుతున్నాయి.

ఒక మాట ముందే చెప్పాలి. ఎలుకల్లో ఈ సంగతి ప్రయోగాలతో నిలబడింది. మనుషుల్లో ఆధారాలు ఇంకా పోగవుతున్నాయి. ఆ తేడాను మనసులో పెట్టుకునే ముందుకు వెళ్దాం. అయితే, తినమని చెప్పే ఆకుకూరలూ గుడ్లూ పప్పూ ఎలాగూ ఒంటికి మేలు చేసేవే. రుజువు పూర్తయ్యేదాకా వాటిని వాయిదా వేయడంలో అర్థం లేదు.

2003లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో రాబర్ట్ వాటర్‌లాండ్, రాండీ జర్టిల్ ఒక ప్రయోగం చేశారు. వాళ్ళు తీసుకున్న చిట్టెలుకల్లో అగౌటి అనే జన్యువు ఒకటి ఉంటుంది. అది అదుపు లేకుండా పనిచేస్తే బొచ్చు పసుపురంగులో వస్తుంది, ఒళ్ళు విపరీతంగా పెరుగుతుంది, షుగరూ కణితులూ వచ్చే అవకాశం పెరుగుతుంది. అదే జన్యువు అణిగి ఉంటే పిల్లలు గోధుమరంగు బొచ్చుతో, సన్నగా, ఆరోగ్యంగా ఉంటాయి. శాస్త్రవేత్తలు కొన్ని ఆడ ఎలుకలకు మామూలు మేతలో ఫోలిక్ ఆసిడ్, బి12, కోలిన్, బీటైన్ కలిపి పెట్టారు. జతకట్టడానికి రెండు వారాల ముందు మొదలుపెట్టి, కడుపుతో ఉన్నంతకాలం, పాలిచ్చినంతకాలం పెట్టారు. వాటికి పుట్టిన పిల్లల్లో గోధుమరంగువి బాగా పెరిగాయి. జన్యువు రాతలో ఒక్క అక్షరం కూడా మారలేదు. మారిందల్లా దాని మీద అతుక్కునే మిథైల్ అనే చిన్న రసాయన గుంపు. జన్యువును గది అనుకుంటే, మిథైల్ దాని తలుపుకు వేసిన తాళం. తల్లి తిన్న తిండిలోని పోషకాలే ఆ తాళాలకు కావలసిన ముడిసరుకు.

రెండు వారాల ముందు నుంచి అన్న దగ్గర కాసేపు ఆగండి. నెల తప్పాక కాదు, వాంతులు మొదలయ్యాక కాదు, స్కాన్‌లో గుండె కొట్టుకోవడం చూశాక కాదు. అంతకు ముందే. మనుషుల్లోనూ ఇదే వరస. బిడ్డ మెదడుకూ వెన్నుపాముకూ పునాది అయిన నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది ఆడవాళ్ళకు తాము నీళ్ళోసుకున్న సంగతే తెలియదు. మనం ఏం చేస్తాం? ఐదో నెలలోనో ఏడో నెలలోనో సీమంతం చేసి, చలిమిడి, లడ్డూలు, పూలు, గాజులు పెట్టి, ఇక నుంచి బాగా తినమని దీవిస్తాం. దీవెన మంచిదే. కానీ తినడం మొదలుపెట్టవలసిన సమయం అప్పటికి ఎప్పుడో దాటిపోయింది. పెళ్ళికి ముహూర్తం ఆరు నెలల ముందు చూసుకునే మనం, బిడ్డ కోసం మూడు నెలల ముందు నుంచి ఒళ్ళు సిద్ధం చేసుకోలేమా?

ఎలుకల సంగతి మనకెందుకు అంటారా? రెండో ప్రపంచయుద్ధం చివర్లో నెదర్లాండ్స్‌లో ఏం జరిగిందో చూడండి. 1944 నవంబరు నుంచి 1945 మే వరకు జర్మన్ల దిగ్బంధంతో అక్కడి పడమటి పట్టణాల్లో కరువు వచ్చింది. ఒక దశలో మనిషికి రోజుకు దక్కిన రేషను వెయ్యి కేలరీలకు చాలా తక్కువ. ఆ ఆకలి నెలల్లో తల్లి కడుపున పడిన బిడ్డలను అరవై ఏళ్ళ తర్వాత పరీక్షించారు. వాళ్ళ సొంత అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్ళతో పోల్చి చూస్తే, ఎదుగుదలను నడిపే ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా ఉన్నాయని 2008లో తేల్చారు. కరువు వచ్చేనాటికే కడుపులో పెద్దగా ఎదిగిన పిల్లల్లో ఆ తేడా లేదు. తొలిరోజుల తిండి వేసిన ముద్ర ఆరు దశాబ్దాలైనా చెరగలేదు.

క్యాన్సర్ విషయానికే వద్దాం. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. బ్రిటన్‌లో పుట్టిన ప్రతి బిడ్డకూ కొద్దిరోజులకే మడమ దగ్గర సూదితో గుచ్చి, నాలుగు నెత్తుటి చుక్కలు ఒక అట్టముక్క మీద ఆరబెట్టి దాచే పద్ధతి ఉంది. మూడేళ్ళకో నాలుగేళ్ళకో లుకేమియా వచ్చిన పిల్లల పాత అట్టముక్కలను మెల్ గ్రీవ్స్ బృందం 1990ల చివర్లో బయటికి తీయించి పరీక్షించింది. ఎండిపోయిన ఆ మరకల్లోనే జబ్బుకు దారితీసే జన్యు మార్పు దొరికింది. తొలి తప్పటడుగు తల్లి కడుపులోనే పడుతోందన్నమాట. అలాంటి మార్పుతో పుట్టిన పిల్లల్లో చాలా కొద్దిమందికే చివరికి జబ్బు వస్తుంది. రెండో దెబ్బ ఏదో పుట్టాక తగలాలి. అయినా మొదటి దెబ్బ పడే చోటు గర్భమే కనుక, గర్భం చుట్టూ ఏముందన్నది ముఖ్యం.

ఉత్తర కాలిఫోర్నియాలో లుకేమియా వచ్చిన 138 మంది పిల్లల తల్లులను, ఆరోగ్యంగా ఉన్న 138 మంది పిల్లల తల్లులను గర్భానికి ముందటి ఏడాదిలో ఏం తిన్నారని అడిగారు. 2004లో వచ్చిన ఫలితం ప్రకారం కూరగాయలు, పళ్ళు, మాంసకృత్తులు ఎక్కువగా తిన్న తల్లుల పిల్లల్లో జబ్బు తక్కువ. కెనడాలో 1997 ప్రాంతంలో గోధుమపిండిలో ఫోలిక్ ఆసిడ్ కలపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఒంటారియో రాష్ట్రంలో న్యూరోబ్లాస్టోమా అనే పసిపిల్లల నరాల క్యాన్సర్ ప్రతి 10,000 కాన్పులకు 1.57 నుంచి 0.62కు పడిపోయిందని 2003లో ప్రకటించారు. 2007లో టొరంటో పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కవేశారు. గర్భానికి ముందూ గర్భంలోనూ మల్టీవిటమిన్ బిళ్ళలు వాడిన తల్లుల పిల్లల్లో లుకేమియా 39 శాతం, మెదడు కణితులు 27 శాతం, న్యూరోబ్లాస్టోమా 47 శాతం తక్కువగా కనిపించాయి.

ఈ అంకెలు చూసి పొంగిపోకూడదు. విటమిన్లు వేసుకునే తల్లులు సాధారణంగా మిగతా జాగ్రత్తలూ ఎక్కువే తీసుకుంటారు. మేలు బిళ్ళది ఎంత, ఆ జాగ్రత్తలది ఎంత అని విడదీయడం కష్టం. కానీ వేరువేరు దేశాల్లో, వేరువేరు పద్ధతుల్లో చేసిన పరిశీలనలు ఒకే వైపు చూపిస్తున్నప్పుడు, పెద్దగా ఖర్చూ ప్రమాదమూ లేని జాగ్రత్తను తీసుకోకపోవడం తెలివైన పని కాదు.

ఇక్కడే ఇంకో మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. క్యాన్సర్ వచ్చిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఈ వ్యాసం చదువుతున్న తల్లి ఉంటే, అమ్మా, మీరు ఏదో తినకపోవడం వల్ల ఇది జరగలేదు. పిల్లల క్యాన్సర్లలో ఎక్కువ శాతానికి కారణం ఇదీ అని ఏ డాక్టరూ వేలుపెట్టి చూపించలేడు. అన్నీ తిన్న తల్లుల పిల్లలకూ వస్తోంది, ఏమీ తినలేని తల్లుల పిల్లలు నిక్షేపంగా ఉంటున్నారు. ఇక్కడ రాసేది రేపటి కాన్పుల కోసం. నిన్నటి కాన్పులకు తప్పులెంచడానికి కాదు. మిమ్మల్ని ఎవరైనా ఒక్క మాట అంటే ఈ పేరా వాళ్ళ చేత చదివించండి.

ఎంత, ఎప్పుడు

ఫోలిక్ ఆసిడ్ గురించి మాట్లాడుతూ యల్లాప్రగడ సుబ్బారావు పేరు తలవకపోతే తెలుగువాళ్ళుగా మనం అన్యాయం చేసినట్టే. అసలు కథ బొంబాయిలో మొదలైంది. లూసీ విల్స్ అనే ఆంగ్లేయ డాక్టరు అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ప్రాణాంతకమైన రక్తహీనత ఎందుకు వస్తోందో వెతికి, ఈస్ట్ నుంచి తీసిన చవకరకం మార్మైట్ తినిపిస్తే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో ఉన్న మందు ఏమిటో అప్పటికి తెలియదు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన సుబ్బారావు నడిపించిన బృందం దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అదే ఫోలిక్ ఆసిడ్. ఆయన అన్నను పొట్టన పెట్టుకున్న స్ప్రూ జబ్బుకు కూడా అదే మందు అయింది.

తర్వాత జరిగింది మరీ ముఖ్యం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆసిడ్ తరహా మందులిచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఊపందుకున్నట్టు కనిపించింది. అయితే దాన్ని అడ్డుకునే మందు కావాలని ఆయన అనుకున్నాడు. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆసిడ్‌కు విరుగుడుగా పనిచేసే అమినాప్టెరిన్ తయారు చేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. పదహారు మంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతవరకు చావు తప్ప మరో దారి లేని జబ్బు అది. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను పిల్లల లుకేమియాలో ఇప్పటికీ వాడుతున్నారు. 1948 ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

ఒకే పోషకం. ఆరోగ్యంగా ఉన్న కణం సక్రమంగా విడిపోవడానికి అది కావాలి. అప్పటికే దారి తప్పిన కణానికీ అది కావాలి. అందుకే మంచిదే కదా అని రెండింతలు మింగడం తగదు. టొరంటోలోనే మరో బృందం కడుపుతో ఉన్న ఎలుకలకు ఫోలిక్ ఆసిడ్ ఎక్కువగా పెట్టి 2011లో రెండు ఫలితాలు ప్రకటించింది. పుట్టిన పిల్లల్లో పెద్దపేగు క్యాన్సర్ తగ్గింది. రొమ్ము కణితులు మాత్రం పెరిగాయి. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ చేసిన పరిశోధన ఇంకో హెచ్చరిక చేసింది. గర్భంలో ఫోలేట్ ఎక్కువై బి12 తక్కువైన తల్లుల పిల్లలకు ఆరేళ్ళు వచ్చేసరికి ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణాలు కనిపించాయి. శాకాహార ఇళ్ళకు ఇది నేరుగా తగిలే మాట. బి12 దొరికే పాలు, పెరుగు మానేసి ఫోలిక్ ఆసిడ్ బిళ్ళ ఒక్కటే మింగితే లెక్క సరిపోదు.

కాబట్టి మోతాదు తెలుసుకోండి. గర్భానికి ముందు కనీసం ఒక నెల, గర్భం వచ్చాక మొదటి మూడు నెలలు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్. నాలుగో నెల నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఆశా కార్యకర్తల దగ్గర ఇచ్చే ఐరన్ బిళ్ళలోనే 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటుంది. దాన్ని 180 రోజులు వేసుకోవాలి, కాన్పు తర్వాత మరో 180 రోజులు. మందుల షాపులో దొరికే 5 మిల్లీగ్రాముల బిళ్ళ వేరు. ముందు కాన్పులో బిడ్డకు వెన్నులో లోపం వచ్చినవాళ్ళకు, మూర్ఛ మందులు వాడేవాళ్ళకు, మరికొందరికి డాక్టరు చూసి రాసే మోతాదు అది. పక్కింటావిడ వేసుకుందని తెచ్చుకోకండి. ఐరన్ బిళ్ళ వేసుకున్న గంట సేపటిదాకా కాఫీ, టీ జోలికి పోకండి. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆ బిళ్ళను బీరువాలో దాచి, అయిపోయిందని నర్సుకు అబద్ధం చెప్పేవాళ్ళు చాలామంది. మలబద్ధకమో వికారమో ఉంటే చెప్పండి, వేసుకునే వేళ మారుస్తారు.

వంటింట్లో

ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో డేవిడ్ విలియమ్స్ బృందం 2006లో చేసిన పని నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే అది మన కూరగాయల బుట్టదాకా వస్తుంది. బొగ్గు పొగలో, సిగరెట్ పొగలో ఉండే రకం విషాన్ని కడుపుతో ఉన్న చిట్టెలుకలకు ఇచ్చారు. పుట్టిన పిల్లల్లో చాలావరకు కొద్ది నెలల్లోనే లింఫోమా అనే క్యాన్సర్‌తో చచ్చిపోయాయి, బతికినవాటికి ఊపిరితిత్తుల్లో కణితులు వచ్చాయి. అదే విషం తీసుకున్నా, మేతలో ఇండోల్-3-కార్బినాల్ కలిపి తిన్న తల్లుల పిల్లల్లో ఆ చావులు బాగా తగ్గాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ ఆకు కుటుంబం కూరగాయల నుంచి వచ్చే పదార్థం అది.

దీన్ని గుళికలుగా అమ్ముతున్నారు. గర్భిణులు వాటి జోలికి వెళ్ళకూడదు. ఎలుకలకు ఇచ్చిన మోతాదు వేరు, గుళికల భద్రత మనుషుల గర్భంలో తేలలేదు. కూరగా తినండి. ఎలా వండాలో కూడా చెబుతాను. ఈ పదార్థం క్యాబేజీలో సిద్ధంగా ఉండదు. ఆకును తరిగినప్పుడు కణాలు చిట్లి, లోపలి ఎంజైము బయటికొచ్చి దాన్ని తయారు చేస్తుంది. ఎక్కువసేపు ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. కాబట్టి క్యాబేజీని సన్నగా తరిగి ఓ పది నిమిషాలు పళ్ళెంలో వదిలేయండి. తర్వాత మూతపెట్టి, కాస్త కరకరలాడుతుండగానే దించండి. ఉడికించిన నీళ్ళు పారబోయకండి. మన ఆవపెట్టిన కూర గుర్తుందా? కూర దించాక, పచ్చి ఆవాలు నూరిన ముద్ద కలుపుతాం. పచ్చి ఆవాల్లోనూ ఆ ఎంజైమే ఉంది. ఉడికిన బ్రోకలీకి ఆవపిండి కలిపితే ఆ కుటుంబానికే చెందిన మరో రక్షక పదార్థం బాగా ఎక్కువగా తయారవుతుందని పరిశోధకులు చూశారు. అరటికాయకూ పనసపొట్టుకూ పెట్టే ఆవను క్యాబేజీకి కూడా పెట్టండి. ఆరనిచ్చి మరీ కలపండి, చేదెక్కదు.

కోలిన్ అన్న మాట పైన ఎలుకల మేతలో వచ్చింది. మనకు అది దొరికే తేలికైన చోటు కోడిగుడ్డు పచ్చసొన. కొలెస్ట్రాల్ భయంతో సొన తీసి పారేసే అలవాటు గర్భిణికి వద్దు. గుడ్డు వేడి చేస్తుంది, కాన్పు కష్టమవుతుంది అని ఎవరైనా అంటే, తెలంగాణలోని అంగన్‌వాడీ కేంద్రాల్లో గర్భిణులకు మధ్యాహ్నం పెట్టే ఆరోగ్యలక్ష్మి భోజనంలో గుడ్డు ఉండి తీరుతుందని చెప్పండి. గుడ్డు తినని ఇళ్ళలో పాలు, సోయా, శనగలు, కాలీఫ్లవర్ కలిసి కొంతవరకు ఆ లోటు తీరుస్తాయి.

నూనె మార్చి మార్చి వాడండి. తల్లికి మొక్కజొన్న నూనె అతిగా పెడితే పుట్టిన ఆడపిల్లల్లో రొమ్ము కణితులు పెరగడం లీనా హిలాకివి-క్లార్క్ బృందం 1997లో ఎలుకల్లో చూసింది. మన ఇళ్ళలో ఏడాది పొడుగునా ఒకే ప్యాకెట్ సన్‌ఫ్లవర్ నూనె తెగవాడుతుంటాం. దాంట్లో ఉన్నదీ ఎక్కువగా ఆ రకం కొవ్వే. నువ్వుల నూనె, వేరుశనగ నూనె, ఆవనూనె తిప్పి తిప్పి తెచ్చుకోండి, మొత్తం మీద తగ్గించండి. అవిసె గింజల పొడి ఇడ్లీ కారంలో ఓ చెంచా కలిపితే ఒమేగా-3 దొరుకుతుంది. చేపలు తినేవాళ్ళు చిన్న చేపలు తినండి. సొర మాత్రం వద్దు. బాలింతకు పాలు పడతాయని సొరపుట్టు పెట్టే ఆచారం మన తీరప్రాంతంలో ఉంది కానీ, పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది, బిడ్డ మెదడుకు అది మంచిది కాదు.

వేరుశనగల సంగతి మరిచిపోకండి. గుప్పెడు పల్లీలు మంచి ఆహారమే. అయితే ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన కొట్టేవి ఒక్కటి కూడా నోట్లో పెట్టకండి. వాటిమీది బూజు చేసే అఫ్లాటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కు రుజువైన కారణం. అది మాయను దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. సంత నుంచి తెచ్చిన రోజే చేటలో పోసి ఏరండి. ఈ పని భర్తకు అప్పగించండి. కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంటే మామగారూ చేయగలరు.

ఇక ఇద్దరి కోసం తినాలి అన్న మాట. ఇది ఎంత నష్టం చేస్తోందో! హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి మామూలు కంటే అదనంగా కావలసింది రోజుకు 350 కేలరీలు. ఒక కోడిగుడ్డు, ఒక గ్లాసు పాలు, చిన్న గుప్పెడు పల్లీలు. అంతే. రెండో పళ్ళెం అన్నం కాదు, మిఠాయి డబ్బా కాదు. బిడ్డ మరీ బరువుగా పుట్టినా లుకేమియా అవకాశం కాస్త పెరుగుతుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. మరోవైపు, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని భయపడి తిండి తగ్గించేవాళ్ళూ ఉన్నారు. ఆ రెండూ కాకుండా మధ్యన నడవాలి.

నోరు తెరిచి అడగండి

పై సంగతులన్నీ తెలిసిన అమ్మాయి కూడా అత్తవారింట్లో ఆఖరునే తింటుంది. తెలియక కాదు. ముందు తింటే ఏమనుకుంటారో అన్న జంకు. ఇది పోషకాహార సమస్య కాదు, వ్యక్తిత్వ సమస్య. దీన్ని దాటడానికి దెబ్బలాట అక్కర్లేదు, ఒక వాక్యం చాలు. “అత్తయ్యా, నాకు ఇప్పుడే ఆకలేస్తోంది. మీరూ కూర్చోండి, ఇద్దరం తిందాం.” చూడండి, ఇందులో ఫిర్యాదు లేదు. ఆవిడ కూడా ముప్పయ్యేళ్ళుగా ఆఖరునే తింటున్న మనిషి. ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుంటే ఎదురుచెప్పినట్టు ఉండదు. మొదటి రోజు నవ్వుతుంది, రెండో రోజు వద్దంటుంది, నాలుగో రోజు కూర్చుంటుంది.

కొడుకులు చేయవలసింది ఇంకా సులువు. “అమ్మా, నువ్వూ తనూ కూర్చోండి, ఇవాళ నేను వడ్డిస్తా” అనండి. అని ఊరుకోకుండా గరిటె పట్టుకోండి. కూర గిన్నె అడుగు చూసేదాకా ఆగకుండా, ముందే రెండు గరిటెల కూర, గుడ్డు ఆమె పళ్ళెంలో వేయండి. వేవిళ్ళ రోజుల్లో ఆమె వంటింటి వాసనకే లేచిపోతే, బలవంతం చేయకండి. మరమరాలు, మజ్జిగన్నం, జామకాయ ముక్కలు, ఏది పడితే అది కొంచెం కొంచెంగా రెండు గంటలకోసారి అందించండి. ఆ వారాల్లో సరిగా తినలేకపోయినా ఫరవాలేదు. ముందటి నెలల్లో ఒంట్లో దాచుకున్నది అప్పుడు ఆదుకుంటుంది. ముందు నుంచీ తినమని అంత గట్టిగా చెప్పడం ఇందుకే.

పళ్ళెంలో పడ్డ తిండి ఎంత దూరం వెళ్తుందో చూపించిన పని మన దగ్గరే ఒకటి జరిగింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపి చేసిన ఉప్మా రోజూ పెట్టారు. మరికొన్ని పల్లెల్లో ఆ పథకం అప్పటికి లేదు. పదిహేనేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే, ఉప్మా తిన్న పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు, వాళ్ళ రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. ఇది గుండెకు సంబంధించిన లెక్క, క్యాన్సర్ లెక్క కాదు. అంతంత మాత్రం పల్లెలో ఒక గిన్నెడు ఉప్మా చేసిన పని ఇది. మీ ఊరి అంగన్‌వాడీలో పేరు రాయించుకోవడానికి మొహమాటపడకండి. అది దానం కాదు, మీ హక్కు.

పిల్లల్ని కనాలని అనుకుంటున్న దంపతులు ఈ నెలలోనే ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు అడగండి, శాకాహారులైతే బి12 కూడా. ఇప్పటికే వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకెళ్ళి చూపించండి, ఆయుర్వేద చూర్ణాలతో సహా. కీళ్ళకో సోరియాసిస్‌కో మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్ళు ఆ సంగతి మొదటి నిమిషంలోనే చెప్పాలి, గర్భంలో అది బిడ్డకు హాని చేస్తుంది. ఫోలిక్ ఆసిడ్ ఏ మోతాదో రాయించుకోండి. భర్త కూడా వెళ్ళాలి. గర్భానికి ముందు తండ్రి కాల్చే సిగరెట్లకూ బిడ్డ లుకేమియాకూ సంబంధం కనిపించిందని చాలా పరిశీలనలు చెబుతున్నాయి. గుట్కా, ఖైనీ, మందు అలవాటుంటే ఎవరిదైనా సరే దాచకండి. ఎప్పుడు మానేస్తారో తేదీ అక్కడే డాక్టరు ముందు అనుకుని, మందుల చీటీ వెనక రాసుకుని ఇంటికి రండి.